సారనాథ్‌లో ఒక పూట

(కాశీ యాత్రకు బయలుదేరుతున్న బృందం కోసం చేసిన ప్రసంగం పాఠం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ కార్తిక మాసంలో మీలో చాలామంది కాశీ ప్రయాణం పెట్టుకున్నారని, అందులో ఒక పూట, బుద్ధుడు తొలి ప్రసంగం చేసిన సారనాథ్‌కు కేటాయించారని, అక్కడ మీ వెంట ఒక గైడు ఉంటారని నిర్వాహకులు చెప్పారు. ఆ ఒక్క పూట గురించి మాట్లాడటానికే నేను ఇవాళ మీ ముందుకు వచ్చాను. కాశీ సంగతులు చెప్పడానికి మన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఉంటారు. తొమ్మిది రాత్రులు నిద్ర చేయడం దగ్గర నుంచి, గంగలో ఏ కాయ, ఏ పండు వదిలిపెట్టి రావాలన్న దాకా అమ్మమ్మలూ తాతయ్యలూ మనకు అప్పజెప్పిన ఆచారం చెక్కుచెదరలేదు. సారనాథ్ విషయంలో అలా చెప్పేవారు మనకు లేకుండా పోయారు. కృష్ణా తీరాన ధాన్యకటకం (నేటి అమరావతి), విజయపురి (నేటి నాగార్జునకొండ) వంటి చోట్ల బౌద్ధం శతాబ్దాల పాటు వర్ధిల్లిన నేల మనది. అయినా ఆ పరంపర మధ్యలో తెగిపోవడం వల్ల ఇప్పుడు మన యాత్రా పట్టికల్లో సారనాథ్ పట్టుచీరల దుకాణానికీ తిరుగు రైలుకూ మధ్య మిగిలిన గంటల్లో చూసే చోటుగా మారింది.

ఒక పూట చాలదని నేను అనను. కాశీ నుంచి అది పది కిలోమీటర్లే. రద్దీని బట్టి అరగంట నుంచి గంట పడుతుంది. చూడవలసిన స్థలాలన్నీ నడక దూరంలోనే ఉంటాయి. ఆ పూటకు ముందే మనం కొంత సిద్ధపడి వెళ్లాలన్నదే నా మాట. ఎందుకంటే బౌద్ధులకు సారనాథ్ పవిత్రమైంది అక్కడ ఎవరో పుట్టడం వల్ల కాదు, ఎవరో సిద్ధి పొందడం వల్ల కాదు. అక్కడ ఒకరు చెప్పారు, ఐదుగురు విన్నారు. స్తూపాలు, స్తంభాలు, విహారాలు, శిల్పాలు అన్నీ ఆ సంభాషణ చుట్టూ తరువాత వచ్చి చేరినవే. గైడు మనకు కట్టడాల కొలతలు చెబుతాడు, అది అతని పని. ఆ ఐదుగురూ ఏమి విన్నారో తెలుసుకొని వెళ్లడం మన పని.

బుద్ధగయలో జ్ఞానోదయం పొందిన తరువాత, తాను తెలుసుకున్నది ఎవరికి చెప్పాలా అని బుద్ధుడు ఆలోచించినట్టు బౌద్ధ సంఘ నియమాల గ్రంథమైన వినయ పిటకం చెబుతుంది. మొదట తన పాత గురువులు ఆలార కాలాముడు, ఉద్దక రామపుత్రుడు గుర్తుకొచ్చారు. ఇద్దరూ అప్పటికే మరణించారు. ఆ తరువాత, బుద్ధగయ దగ్గర ఉరువేలలో తాను కఠోర తపస్సు చేస్తున్నప్పుడు తనకు సేవలు చేసిన ఐదుగురు గుర్తుకొచ్చారు. కౌండిన్యుడు, వప్పుడు, భద్దియుడు, మహానాముడు, అశ్వజిత్తు అన్న ఆ ఐదుగురూ, తపస్సు మానేసి అన్నం తిన్నాడన్న కోపంతో ఆయనను వదిలిపెట్టి వెళ్లిపోయినవారే. వారు కాశీ దగ్గర ఇసిపతనంలో, మృగదావంలో, అంటే నేటి సారనాథ్‌లో, ఉంటున్నారని తెలుసుకొని ఆయన బయలుదేరాడు. ఇవాళ రోడ్డు మీద అది సుమారు 250 కిలోమీటర్ల దూరం. తనను కాదనుకొని వెళ్లిపోయినవారిని వెతుక్కుంటూ ఒక మనిషి అంత దూరం కాలినడకన వెళ్లాడన్న సంగతిని మనసులో పెట్టుకొని మీరు ఆటో ఎక్కాలని నా కోరిక. బుద్ధుడి జీవితం చెప్పే లలితవిస్తరం అనే గ్రంథంలో ఈ ప్రయాణం గురించి ఒక చిన్న ముచ్చట ఉంది. గంగ దాటడానికి పడవవాడికి ఇచ్చేందుకు బుద్ధుడి దగ్గర డబ్బు లేకపోయిందట. ఆ సంగతి తెలిసిన మగధ రాజు బింబిసారుడు అప్పటి నుంచి సన్యాసుల దగ్గర రేవు సుంకం తీసుకోకూడదని ఆజ్ఞ ఇచ్చాడట.

మీ ఆటో కాశీ నుంచి బయలుదేరి వరుణ నది వంతెన దాటుతుంది. ఆ నదికి సంబంధించిన ఒక విషాదం గురించి కాసేపటి తరువాత చెబుతాను. సారనాథ్ చేరేముందు ఎడమ చేతి వైపు ఒక పెద్ద ఇటుకల దిబ్బ, దాని నెత్తిన ఎనిమిది పలకల బురుజు కనిపిస్తాయి. అదే చౌఖండీ స్తూపం. చాలా బృందాలు బండి దిగకుండా కిటికీలోంచి చూసి సాగిపోతాయి. దయచేసి మీరు దిగండి. పైనున్న బురుజు మొగలుల కాలం నాటిది. హుమాయూన్ ఒకప్పుడు ఇక్కడికి వచ్చి వెళ్లిన దానికి గుర్తుగా 1588లో అక్బరు మంత్రి తోడర్‌మల్ కొడుకు గోవర్ధన్ కట్టించాడు. కింద ఉన్న దిబ్బ దాని కంటే వెయ్యేళ్లకు పైగా పాతది. బుద్ధుడు ఆ ఐదుగురినీ తిరిగి కలుసుకున్న చోటు అదేనని సంప్రదాయం.

ఆ కలయికను గ్రంథం వర్ణించిన తీరు నాకు ఎంతో ఇష్టం. ఆయన దూరం నుంచి వస్తుండటం చూసి ఐదుగురూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఈయన తపస్సు మానుకొని సుఖానికి మరిగినవాడు, మనం నమస్కరించవద్దు, లేచి నిలబడవద్దు, భిక్షాపాత్ర అందుకోవద్దు, కావాలంటే కూర్చోవడానికి ఒక పీట మాత్రం వేద్దాం అనుకున్నారు. ఆయన దగ్గరకు వచ్చేసరికి ఆ ఒప్పందం మీద ఎవరూ నిలవలేకపోయారు. ఒకరు ఎదురు వెళ్లి పాత్ర, చీవరం (పై వస్త్రం) అందుకున్నారు, ఒకరు ఆసనం వేశారు, ఒకరు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చారు. అయినా వెంటనే నమ్మలేదు. తాను అమృతత్వాన్ని పొందానని, విననిస్తే చెబుతానని ఆయన అంటే, అంత కఠోర తపస్సు చేసినప్పుడే దొరకనిది, తపస్సు మానేశాక ఎలా దొరికిందని ఎదురు ప్రశ్న వేశారు. ఆ ప్రశ్న ఒకటికి మూడుసార్లు వేశారు. చివరకు, నేను ఇంతకుముందు ఎన్నడైనా మీతో ఇలా మాట్లాడానా అని ఆయన అడిగాడు. లేదని ఒప్పుకున్నారు. అప్పుడు వినడానికి కూర్చున్నారు.

ఇక ఆ ప్రసంగం. ధర్మచక్ర ప్రవర్తన సూత్రం చాలా చిన్నది. నెమ్మదిగా చదివినా పావుగంటకు మించదు. ఆషాఢ పౌర్ణమి నాడు చెప్పినట్టు సంప్రదాయం. ఇల్లు వదిలినవాడు రెండు కొసలకు పోకూడదంటూ అది మొదలవుతుంది. ఒక కొస ఇంద్రియ సుఖాల్లో మునిగిపోవడం, రెండో కొస శరీరాన్ని హింసించుకోవడం. ఆ రెండింటినీ వదిలిన మధ్యమ మార్గమే సమ్యక్ దృష్టి మొదలు సమ్యక్ సమాధి వరకు ఉన్న అష్టాంగ మార్గం. ఎదురుగా కూర్చున్నవారు తపస్సునే నమ్ముకున్నవారని గుర్తుంచుకుంటే, ఈ మొదటి వాక్యంలో ఎంత ధైర్యం ఉందో తెలుస్తుంది. ఆ తరువాత నాలుగు ఆర్యసత్యాలు వస్తాయి. దుఃఖం ఉంది, దానికి తృష్ణ అనే కారణం ఉంది, అది ఆగిపోవడం సాధ్యం, ఆగడానికి మార్గం ఉంది అని మనం బడిలో చదువుకున్నాం. బడి పుస్తకాల్లో సాధారణంగా చెప్పని సంగతి ఏమిటంటే, ఆ ఒక్కొక్క సత్యానికీ ఒక్కొక్క పని జతచేసి చెప్పాడాయన. దుఃఖాన్ని పూర్తిగా తెలుసుకోవాలి, దాని కారణాన్ని వదులుకోవాలి, నిరోధాన్ని స్వయంగా అనుభవంలోకి తెచ్చుకోవాలి, మార్గాన్ని అభ్యసించాలి. ఇవి నమ్మమని చెప్పిన సిద్ధాంతాల్లా ఉండవు. ఒక వైద్యుడు రోగికి అప్పగించిన పనుల్లా ఉంటాయి.

ఆ ప్రసంగం ముగిసేసరికి ఐదుగురిలో ఒక్కరికే, కౌండిన్యుడికే, విషయం బోధపడింది. పుట్టే స్వభావం గలదంతా ఆగిపోయే స్వభావం కూడా గలదేనన్న చూపు అతనికి కలిగింది. అది గమనించిన బుద్ధుడు, 'కౌండిన్యుడు తెలుసుకున్నాడు, కౌండిన్యుడు తెలుసుకున్నాడు' అని ఆనందంతో పలికాడు. మిగిలిన నలుగురికీ ఆ తరువాతి రోజుల్లో ఓపికగా చెబుతూ వచ్చాడు. కొందరికి చెబుతుంటే మిగతావారు భిక్షకు వెళ్లి తెచ్చిన అన్నాన్నే ఆరుగురూ పంచుకుని తినేవారట. ఆ వర్షాకాలం ఆయన అక్కడే గడిపాడు. కాశీలోని ధనిక వర్తకుడి కొడుకు యశుడు, అతని స్నేహితులు వచ్చి చేరాక సంఘం అరవై మందికి పెరిగింది. బహుజన హితం కోసం, బహుజన సుఖం కోసం తిరగండి, ఇద్దరు ఒకే దారిన వెళ్లకండి అని వారిని లోకంలోకి పంపించింది ఇక్కడి నుంచే.

ఇప్పుడు తవ్వకాల ప్రాంగణంలోకి వెళదాం. టికెట్ తీసుకొని లోపలికి అడుగుపెట్టగానే పచ్చిక బయలు, దాని మధ్య ఇటుక పునాదులు, దూరంగా ధమేఖ్ స్తూపం కనిపిస్తాయి. అందరి కాళ్లూ నేరుగా ఆ పెద్ద స్తూపం వైపే లాగుతాయి. మీరు మాత్రం ముందు, నేలమట్టంగా ఒక గుండ్రటి పునాది మాత్రమే మిగిలిన ధర్మరాజిక స్తూపం దగ్గర ఆగండి. అశోకుడు కట్టించినదిగా చెప్పే ఆ స్తూపాన్ని తరువాతి కాలాల్లో మళ్లీ మళ్లీ ఇటుక కప్పి పెంచుతూ వచ్చారు. 1026లో మహీపాలుడి కాలంలో స్థిరపాలుడు, వసంతపాలుడు అనే సోదరులు ఇక్కడి కట్టడాలకు జీర్ణోద్ధరణ చేయించినట్టు శాసనం ఉంది. 12వ శతాబ్దంలో గాహడవాల రాజు గోవిందచంద్రుడి రాణి కుమారదేవి ఇక్కడ ఒక విహారం కట్టించింది. ఆ శతాబ్దం చివర దండయాత్రల్లో కాశీతో పాటు ఇదీ ధ్వంసమైంది. ఆ తరువాత ఆరు వందల ఏళ్ల పాటు దీని సంగతి దాదాపు ఎవరికీ పట్టలేదు. 1794లో కాశీలో ఒక బజారు కట్టడానికి ఇటుకలు కావలసి వచ్చి, కాశీరాజు దివాను జగత్ సింగ్ మనుషులు ఈ స్తూపాన్ని తవ్వారు. లోపల ఒక రాతి పెట్టె, దానిలో ఆకుపచ్చ రాతి భరిణె, భరిణెలో ముత్యాలు, మణులతో పాటు కొన్ని ఎముకలు దొరికాయి. ఎముకలను గంగలో కలిపేశారు. కాశీలో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి (రెసిడెంటు) జోనాథన్ డంకన్ ఈ సంగతి రాసి పెట్టడం వల్ల మనకు తెలిసింది. బయటి రాతి పెట్టె తరువాత 1835లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్‌కు అదే చోట దొరికింది.

దీన్ని మనం పరాయి ఊరి కథగా వినకూడదు. సరిగ్గా ఆ దశాబ్దంలోనే, ఇక్కడ కృష్ణా తీరంలో, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతి పట్టణం కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె అని పిలిచే దిబ్బ నుంచి ఇటుకలు, చలువరాళ్లు తీయించారు. అది ధాన్యకటక మహాచైత్యమని అప్పుడు ఎవరికీ తెలియదు. ఆ కబురు విని కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో చూడటానికి వచ్చాడు. కాశీలోనూ అమరావతిలోనూ ఆ తవ్వించినవారు దైవభక్తి లేనివారు కారు. వేంకటాద్రి నాయుడు గుళ్లు కట్టించి, దానాలు చేసినవారే. తమ కాళ్ల కింద ఉన్నదేమిటో చెప్పే మనిషి ఆ రోజుల్లో ఊళ్లో ఒక్కరూ మిగలకపోవడమే ఆ నష్టానికి కారణమని నేను అనుకుంటాను. ఇందాక చెబుతానన్న వరుణ నది సంగతి మాత్రం వేరు. కన్నింగ్‌హామ్ తవ్వకాలు ముగించి వెళ్లిన తరువాత, ఆయన అక్కడే వదిలిన నలభైకి పైగా విగ్రహాలనూ శిల్పాలనూ, వంతెన స్తంభాలను నీటి ఒరవడి కోసేయకుండా అడ్డుగా నదిలో పడేశారు. అంటే ఆ పని చేసింది అన్నీ తెలిసిన కాలంలోనే, పురావస్తు పరిశోధన మొదలైన తరువాతే.

ధర్మరాజికకు దగ్గరలోనే మూలగంధకుటి శిథిలాలు ఉన్నాయి. బుద్ధుడు ధ్యానం చేసుకున్న గది ఉన్న చోటని చెబుతారు. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ఆకాశాన్ని అంటినట్టున్న విహారాన్ని, పదిహేను వందల మంది భిక్షువులను, అద్దంలా మెరిసే అశోక స్తంభాన్ని ఇక్కడ చూసినట్టు రాశాడు. ఆయన ఆ తరువాత మన ధాన్యకటకానికి కూడా వచ్చినవాడే. ఆ స్తంభం ముక్కలు ఇప్పుడు మూలగంధకుటి పక్కన, అద్దాల గూటిలో ఉన్నాయి. మొదలు ఇంకా నిలబడే ఉంది. దాని మీద బ్రాహ్మీ లిపి స్పష్టంగా కనిపిస్తుంది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన లిపి కూడా అదే. ఇక్కడ ఆయన చెక్కించింది విజయగాథ కాదు. భిక్షువు గానీ భిక్షుణి గానీ సంఘాన్ని చీలిస్తే, వారికి (కాషాయం తీసేసి) తెల్ల బట్టలు కట్టించి, విహారం బయట ఉంచాలని ఆజ్ఞ. ఆ ఆజ్ఞ ప్రతి ఒకటి గృహస్థ ఉపాసకులకు కూడా అందుబాటులో ఉండాలని, వారు ఉపోసథ దినాల్లో (బౌద్ధుల ఉపవాస దినాల్లో) వచ్చి దాన్ని మననం చేసుకోవాలని కూడా రాయించాడు. మొదటి ఐదుగురూ కలిసి కూర్చున్న చోట, రెండు వందల ఏళ్లు దాటాక, కలిసి ఉండండని ఒక చక్రవర్తి రాతి మీద చెక్కించవలసి వచ్చింది. గైడు ఈ స్తంభం దగ్గర సింహాల గురించి మాట్లాడి ముందుకు వెళ్లిపోతాడు. ఆ శాసనంలో ఏముందో మీరు అడిగి చెప్పించుకోండి.

ధమేఖ్ స్తూపం పునాది నుంచి సుమారు 43 మీటర్ల ఎత్తు, 28 మీటర్ల వ్యాసం గల కట్టడం. కింది భాగం రాయి, పై భాగం ఇటుక. ఎనిమిది దిక్కులకూ ముందుకు పొడుచుకొచ్చిన ముఖాలు, ప్రతి ముఖంలో విగ్రహం పెట్టే గూడు ఉన్నాయి. గూళ్లన్నీ ఇప్పుడు ఖాళీ. నడుము ఎత్తుకు పైన, రాతి చుట్టూ గుప్తుల కాలం నాటి నగిషీ పట్టీ ఒకటి తిరుగుతుంది. స్వస్తికలు అల్లుకున్న గళ్ల నమూనా, దానికి పైనా కిందా తీగలు, తామరలు, మధ్య మధ్యలో పక్షులు. గళ్ల నమూనాలో గీత ఒకటి పట్టుకొని వేలితో గాలిలో అనుసరించండి, అది ఎక్కడా తెగదు. శ్రీలంక, థాయిలాండ్, మయన్మార్, టిబెట్ నుంచి వచ్చిన యాత్రికులు దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తుంటారు; కొందరు రాళ్ల మీద బంగారు రేకు అతికిస్తారు. మీరూ వారితో కలిసి ఒకసారి ప్రదక్షిణం చేయండి. మన గుళ్లలో ఎలా చేస్తామో అలాగే, కుడి భుజం స్తూపం వైపు ఉండేటట్టు. ప్రాంగణాన్ని ఆనుకొనే ఒక దిగంబర జైన మందిరం ఉంది; పదకొండవ తీర్థంకరుడు శ్రేయాంసనాథుడి జన్మస్థలం ఈ ప్రాంతమేనని జైనుల నమ్మకం.

ప్రాంగణానికి ఆవల జింకల పార్కు ఉంది. పిల్లలు వెంట ఉంటే అక్కడ నిగ్రోధ మృగ జాతకం చెప్పండి. కాశీరాజు వేట వల్ల రోజూ ఎన్నో జింకలు గాయపడి చస్తుంటే, రెండు మందల నాయకులు రోజుకు ఒక జింక వంతున పంపేటట్టు ఒప్పందం చేసుకుంటారు. ఒక రోజు వంతు కడుపుతో ఉన్న లేడికి వస్తుంది. తన మంద నాయకుడు కనికరించకపోతే ఆమె రెండో మంద నాయకుడైన నిగ్రోధుడి దగ్గరకు వెళుతుంది. అతను తానే వెళ్లి కత్తిపీట మీద తల పెడతాడు. రాజు కదిలిపోయి అతనికీ ఆ లేడికీ అభయం ఇస్తాడు. మా ఇద్దరికే అభయం ఇస్తే మిగతా జింకల సంగతేమిటి అని నిగ్రోధుడు అడుగుతాడు. జింకలన్నిటికీ ఇచ్చాక, మిగతా నాలుగు కాళ్ల జంతువుల మాటేమిటి, పక్షుల మాటేమిటి, నీళ్లలో చేపల మాటేమిటి అని ఒక్కొక్కటీ అడిగి అందరికీ అభయం ఇప్పిస్తాడు. బుద్ధుడు పూర్వజన్మలో ఆ నిగ్రోధుడేనని జాతకం చెబుతుంది.

మ్యూజియం గురించి గట్టిగా ఒక మాట చెప్పాలి. చాలామంది గైడులు దీన్ని పదిహేను నిమిషాల్లో ముగిస్తారు, కొందరు సమయం లేదని వదిలేస్తారు. అదే గంటలో చీరల దుకాణానికి మాత్రం తీసుకెళతారు. ఇది మన దేశంలో అన్ని యాత్రా స్థలాల్లోనూ ఉన్న జబ్బు. బేరం కుదుర్చుకునేటప్పుడే, దుకాణాలు వద్దు, మ్యూజియంలో గంటకు తక్కువ కాకుండా ఉండాలి అని ఖరాఖండిగా చెప్పండి. గైడు దగ్గర పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉందో లేదో చూడండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, కనుక మీ పట్టికలో సారనాథ్ శుక్రవారం పడితే ఇప్పుడే మార్చుకోండి. దొరికిన వస్తువులు దొరికిన చోటే ఉండాలన్న ఉద్దేశంతో 1910లో దీన్ని కట్టారు. అమరావతి శిల్పాలు చెన్నైకీ లండన్‌కూ చెదిరిపోయిన సంగతి తెలిసిన మనకు ఆ ఉద్దేశం విలువ బాగా తెలుసు.

లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా నాలుగు సింహాల స్తంభ శీర్షం ఉంటుంది. 1905లో ఓర్టెల్ తవ్వకాల్లో బయటపడిన ఈ చునార్ రాతి శిల్పాన్ని 1950 జనవరి 26న భారత ప్రభుత్వం రాజ చిహ్నంగా స్వీకరించింది. రూపాయి నోటు మీద రోజూ చూసే బొమ్మే కాబట్టి మనం దాన్ని ఇక చూడం. ఇక్కడ మాత్రం దాని చుట్టూ తిరగండి. సింహాల పాదాల కింద గుండ్రటి పట్టీ మీద ఏనుగు, ఎద్దు, గుర్రం, సింహం నడుస్తుంటాయి, ఒక్కొక్క దానికీ మధ్య ఒక చక్రం. నోటు మీద నాలుగో సింహం కనిపించదు, రెండు జంతువులే కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ సింహాల మీద మరో పెద్ద ధర్మచక్రం ఉండేది. దాని ముక్కలు దొరికాయి. అంటే ఆ సింహాలు మోసింది చక్రాన్నే. పక్కనే ఎర్ర రాతి బోధిసత్త్వుడు నిలువెత్తున ఉంటాడు. కుషాణ చక్రవర్తి కనిష్కుడి మూడో పాలనా సంవత్సరంలో బలుడనే భిక్షువు మథురలో చెక్కించిన విగ్రహాన్ని ఇక్కడ ప్రతిష్ఠించాడు. దాని పైన పట్టిన రాతి ఛత్రం కూడా దొరికింది.

ఆ గంటలో సగం మాత్రం మీరు ఒకే ఒక విగ్రహం ముందు గడపాలి. అది 5వ శతాబ్దపు ధర్మచక్ర ప్రవర్తన బుద్ధ విగ్రహం. పద్మాసనంలో కూర్చున్న ఆయన రెండు చేతులూ ఛాతీ ముందు ఉంటాయి, ఒక చేతి వేళ్లు రెండో చేతి వేళ్లను తాకుతూ, చెప్పవలసిన అంశాలను ఒక్కొక్కటే లెక్కపెడుతున్నట్టుగా. వస్త్రానికి మడతలే లేవు. మెడ దగ్గర, ముంజేతుల దగ్గర అంచు సన్నగా తేలడం వల్ల మాత్రమే వస్త్రం ఉందని తెలుస్తుంది. కనురెప్పలు సగం వాలి ఉంటాయి. తల వెనుక ప్రభామండలం నిండా పూల తీగలు, పైన ఇరువైపులా ఎగిరే గంధర్వులు. అందరూ ముఖం చూసి, ఫోటో తీసుకొని కదులుతారు. మీరు వంగి, పీఠం చూడండి. మధ్యలో చక్రం నిలువుగా, అంచు మన వైపు తిరిగి ఉంటుంది. దానికి రెండు పక్కలా రెండు జింకలు. ఆ జింకలకు అటూ ఇటూ మోకాళ్ల మీద కూర్చొని చేతులు జోడించిన ఐదుగురు భిక్షువులు. వారి చివర ఒక స్త్రీ, ఒక బిడ్డ. బహుశా ఆ విగ్రహాన్ని చేయించిన దాత ఆమే కావచ్చు. ఇక్కడ మనం గంటసేపు చెప్పుకున్న కథంతా జానెడు ఎత్తు పట్టీలో ఉంది. నమస్కరించబోమని ఒప్పందం చేసుకున్న ఆ ఐదుగురే వారు.

అమరావతి, నాగార్జునకొండ శిల్పుల దగ్గర ఇదే ఘట్టం మరో విధంగా కనిపిస్తుంది. మన పాత శిల్పాల్లో బుద్ధుడి రూపం బదులు స్తంభం మీద నిలిపిన చక్రం, ఖాళీ ఆసనం, కింద జింకలు, చుట్టూ నమస్కరిస్తున్న జనం ఉంటారు. సారనాథ్ చూసి వచ్చాక అమరావతి మ్యూజియానికి ఒకసారి వెళ్లండి. ఆ ఖాళీ ఆసనం ముందు కూర్చున్నవారు ఏమి వింటున్నారో మీకు తెలుస్తుంది.

చివరగా మూలగంధకుటి విహారం. ఇది కొత్త కట్టడం. శ్రీలంకకు చెందిన అనగారిక ధర్మపాల స్థాపించిన మహాబోధి సొసైటీ దీన్ని కట్టించి, 1931 నవంబరులో ప్రారంభించింది. ధర్మపాల తన చివరి రోజుల్లో ఇక్కడే భిక్షువుగా దీక్ష తీసుకొని, 1933లో ఇక్కడే కన్నుమూశారు. లోపలి గోడల మీద జపాన్ చిత్రకారుడు కోసెత్సు నోసు బుద్ధ చరిత్రను చిత్రించారు. పక్కన ఉన్న బోధివృక్షం అనురాధపురం నుంచి తెచ్చిన మొక్క. అనురాధపురం చెట్టు బుద్ధగయ చెట్టు సంతతి.

మన గైడులు సాధారణంగా చెప్పని విషయం ఒకటి ఇక్కడ ఉంది. నేను ఇవాళ మీ ముందు మాట్లాడటానికి ఒప్పుకున్నది ముఖ్యంగా దీని కోసమే. 1920ల చివర పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ నాగార్జునకొండలో మహాచైత్యాన్ని తవ్వినప్పుడు ఒక మట్టి పాత్ర, దానిలో చిన్న స్తూపం ఆకారంలో ఉన్న వెండి భరిణె, దాని లోపల బొటనవేలి గోరంత బంగారు భరిణె, అందులో ఒక చిన్న అస్థి శకలం దొరికాయి. విజయపురి ఏలిన ఇక్ష్వాకుల కాలంలో, వీరపురుషదత్తుడు రాజ్యం చేస్తుండగా, ఆయన మేనత్త చాంతిసిరి ఆ మహాచైత్యాన్ని జీర్ణోద్ధరణ చేయించినట్టు అక్కడి ఆయక స్తంభాల (స్తూపం నాలుగు దిక్కులా నిలిపే స్తంభాల) శాసనాలు చెబుతున్నాయి. ఆ ధాతువును, అంటే ఆ పవిత్ర అస్థి శకలాన్ని, ప్రభుత్వం మహాబోధి సొసైటీకి అందజేసింది, 1932లో దాన్ని ఈ సారనాథ్ విహారంలో ప్రతిష్ఠించారు. ఆ తరువాత మూడు దశాబ్దాలకు ఆ లోయ అంతా నాగార్జునసాగర్ నీటి కింద మునిగిపోయింది. సారనాథ్ స్వంత ధాతువులు 1794లో గంగలో కలిసిపోయాయి. వాటి చోటులో ఇవాళ అక్కడ ఉన్నది కృష్ణా తీరం నుంచి వెళ్లిన ధాతువు, తక్షశిల నుంచి వచ్చిన మరొకటి. కాశీకి వెళ్లే ప్రతి తెలుగు యాత్రికుడూ ఈ విహారం గడప తొక్కడానికి ఈ ఒక్క కారణం చాలునని నేను నిండు మనసుతో చెబుతున్నాను.

ఆ ధాతువులను ఏడాది పొడుగునా చూపించరు. విహారం ప్రారంభోత్సవ వార్షికోత్సవం సందర్భంగా కార్తిక పౌర్ణమి రోజుల్లో ప్రజల దర్శనానికి పెడతారు. అదే పౌర్ణమి సాయంత్రం కాశీ ఘాట్లలో దేవ దీపావళి జరుగుతుంది, మీరంతా అందుకోసమే ఆ తేదీలు ఎంచుకున్నారు. కాబట్టి ఆ రోజు ఉదయమే సారనాథ్ వెళ్లి, ధాతు దర్శనం చేసుకొని, మధ్యాహ్నానికి కాశీ తిరిగి వస్తే ఘాట్ల మీద దీపాలకూ అందుతారు. విహారం మధ్యాహ్నం కొంతసేపు మూస్తారు కనుక ఆలస్యం చేయవద్దు. ఆ రోజు జనం ఎక్కువగా ఉంటారు, మ్యూజియం ప్రశాంతంగా చూడాలంటే మరో రోజు వేరుగా వెళ్లడం మేలు. పౌర్ణమి కాని రోజు వెళ్లేవారు మధ్యాహ్నం బయలుదేరి, మొదట చౌఖండీ, తరువాత మ్యూజియం, ఆ తరువాత తవ్వకాల ప్రాంగణం, చివరగా విహారం చూడండి. కార్తికంలో పొద్దు త్వరగా గుంకుతుంది, ప్రాంగణం సూర్యాస్తమయానికి మూసేస్తారు. సాయంత్రం విహారంలో భిక్షువులు పాళీలో సూత్ర పఠనం చేస్తారు. వీలైతే దానికి కూర్చోండి, అర్థం కాకపోయినా ఫరవాలేదు, మధ్యలో లేచి రావద్దు. ఫోన్లు కట్టేసి, చెప్పులు బయట వదిలి, విగ్రహానికి వీపు చూపించి ఫోటోలు దిగకుండా ఉంటే చాలు.

ధర్మచక్ర ప్రవర్తన సూత్రం తెలుగు అనువాదం నాలుగు పేజీలు జిరాక్స్ తీయించి తెచ్చాను, బల్ల మీద ఉంది. రైల్లోనే ఒకసారి పైకి చదివి, బృందంలో ఉన్న పెద్దవారికి వినిపించండి. రెండోసారి ధమేఖ్ స్తూపం దగ్గర పచ్చిక మీద కూర్చొని చదువుకోండి. గైడును కూడా ఆ పావుగంట మీతో కూర్చోమనండి. ఇప్పుడు మీ సందేహాలు ఏమైనా ఉంటే అడగండి.